లాడం గుర్రానికా, రోడ్డుకా?

హైదరాబాద్ నుంచి బయలుదేరే ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు హౌరా పెద్ద స్టేషన్ దాకా వెళ్లదు. షాలిమార్‌లోనే ఆగిపోతుంది. విజయవాడ, రాజమండ్రి, విశాఖల నుంచి కోల్‌కతా వెళ్లే తెలుగువాళ్లు చాలామంది హుగ్లీ పడమటి గట్టున ఉన్న ఈ స్టేషన్‌లో దిగి, టాక్సీ మాట్లాడుకుని, విద్యాసాగర్ సేతు మీదుగా నది దాటుతారు. 1992లో తెరిచిన ఆ తీగల వంతెన దిగితే హేస్టింగ్స్. పక్కనే రేస్‌కోర్సు. ఆ తరువాత విక్టోరియా మెమోరియల్, దాని ముందు మైలు తరబడి పచ్చిక పరుచుకున్న మైదాన్.

దేశంలో ఇన్ని రకాల గుర్రాలు ఇంత దగ్గర దగ్గరగా కనిపించే చోటు మరొకటి దొరకడం కష్టం. 1847లో పుట్టిన రాయల్ కలకత్తా టర్ఫ్ క్లబ్ పందెపు గుర్రాలు, 1862 నాటి కలకత్తా పోలో క్లబ్ గుర్రాలు, మైదాన్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజున జనాన్ని అదుపు చేసే పోలీసు అశ్వదళం, పిల్లల్ని ఎక్కించుకుని ఓ చుట్టు తిప్పే సవారీ తట్టువలు, విక్టోరియా మెమోరియల్ ఎదుట వెండి రంగు రేకులతో, ప్లాస్టిక్ పూలతో మెరిసిపోయే బండ్లకు కట్టిన బక్క గుర్రాలు. ఒకటి పచ్చిక మీద పరుగెత్తుతుంది, ఇంకొకటి ఇసుకలో తిరుగుతుంది, మరొకటి తారు రోడ్డు మీద బండి లాగుతుంది. తిండి వేరు, పని వేరు, యజమాని జేబు వేరు. కాలి కింద మాత్రం దాదాపు అన్నిటికీ ఒకటే ఆనవాయితీ: మేకులు దిగగొట్టిన లోహపు లాడం.

ఆ ఆనవాయితీని ప్రశ్నించే వాదం ప్రపంచమంతటా గత నలభై ఏళ్లుగా బలపడుతూ వచ్చింది. స్వారీ గుర్రాన్ని లాడం లేకుండా, ఉత్త కాళ్లతోనే ఉంచాలంటుంది ఆ వాదం. దాన్ని సమర్థించేవాళ్లు లాడాన్ని హింస అంటారు. ఎదుటి పక్షం లాడం తీసేయడమే హింస అంటుంది. ఇద్దరూ గుర్రం గురించి ఎక్కువ, నేల గురించి తక్కువ మాట్లాడుతున్నారు. మైదాన్ చుట్టూ ఒక్కసారి తిరిగి చూస్తే, ఒకే జవాబు అన్ని గుర్రాలకూ సరిపోదని తెలుస్తుంది. అయితే ఇద్దరికీ సగం సగం మార్కులు వేసి చేతులు దులుపుకోవడం కూడా కుదరదు. పచ్చిక మీదా ఇసుకలోనూ తిరిగే స్వారీ గుర్రానికి మేకు ఎందుకు కావాలో చెప్పాల్సిన బాధ్యత మేకు కొట్టేవారిదే. తారు రోడ్డు మీద బండి లాగే గుర్రానికి లాడం ఎందుకు అక్కర్లేదో చెప్పాల్సిన బాధ్యత తీసేసేవారిది. ఈ రెండు మాటలకూ ఆధారం గిట్ట నిర్మాణంలోనే ఉంది.

గుర్రం నడిచేది పాదం మీద కాదు, వేలి కొన మీద. కోట్ల ఏళ్ల పరిణామంలో దాని పూర్వీకుల పక్క వేళ్లు కుంచించుకుపోయి, మధ్యవేలు ఒక్కటే మిగిలింది. ఆ వేలి చివరి ఎముకను చుట్టి ఉన్న గోరే గిట్ట. మన గోరు లాగే అది కెరటిన్‌తో తయారవుతుంది. కాలి చర్మం ఆగిపోయి గిట్ట మొదలయ్యే అంచు దగ్గర పుట్టి కిందికి పెరుగుతుంది. పెద్ద గుర్రానికి నెలకు సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు. అంటే గిట్ట ముందుభాగం పైనుంచి నేల దాకా పూర్తిగా కొత్తది కావడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. ఈ లెక్క గుర్తుంచుకోవాలి. వాదమంతా చివరికి దీని చుట్టూనే తిరుగుతుంది.

గోరుకూ ఎముకకూ మధ్య ఉన్న అతుకు మరీ విచిత్రం. రెండు దువ్వెనల పళ్లను ఒకదానిలో ఒకటి దూర్చినట్టు, గిట్ట గోడ లోపలి వైపున సుమారు 600 సన్నని మడతలు, ఎముకను కప్పిన కణజాలపు మడతల్లో ఇమిడి ఉంటాయి. ప్రతి మడతకూ మళ్లీ వందకు పైగా చిన్న మడతలు. నాలుగైదు వందల కిలోల జంతువు బరువంతా అరికాలు మీద కాకుండా ఈ అతుకు మీద వేలాడుతుంది. ఇది వాచి ఊడిపోవడాన్నే లామినైటిస్ అంటారు. గుర్రాల ప్రాణాలు తీసే జబ్బుల్లో అది ముందు వరుసలో ఉంటుంది. ఎక్కువ గింజలు పెట్టడం వల్ల రావచ్చు, హార్మోన్ల తేడా వల్ల రావచ్చు, గట్టి నేల మీద మితిమీరి పరుగెత్తించినా రావచ్చు. లాడం ఉన్నంత మాత్రాన రాదు, తీసినంత మాత్రాన పోదు.

గిట్టను తిరగేసి చూస్తే అడుగున, మడమ వైపు నుంచి ముందుకు చొచ్చుకొచ్చిన ముక్కోణపు మెత్త కనిపిస్తుంది. తాకితే రబ్బరులా ఉంటుంది. పశువైద్యులు దాన్ని ఫ్రాగ్ అంటారు. దానిపైన, గిట్ట లోపల, మడమ మృదులాస్థుల నడుమ ఇంకో మెత్త ఉంటుంది. గుర్రం కాలు మోపినప్పుడు మడమ భాగం కొద్దిగా వెడల్పవుతుంది, ఎత్తగానే తిరిగి ముడుచుకుంటుంది. ఈ కదలిక దెబ్బను మింగుతుంది, పాదంలో చేరిన రక్తం తిరిగి పైకి వెళ్లడానికీ తోడ్పడుతుంది. లాడం కొట్టే పనివాళ్లకు ఈ సంగతి ఎప్పటి నుంచో తెలుసు. అందుకే మంచి పనివాడు మేకులన్నీ గిట్ట ముందు సగంలోనే దించుతాడు, మడమను స్వేచ్ఛగా వదిలేస్తాడు. అలా వదిలినా ఇనుము బిగుసుకున్న గిట్ట కదలిక ఎంతో కొంత తగ్గుతుంది. లాడం మందం వల్ల ఫ్రాగ్ నేలకు ఆనకుండా పోతే, వాడకం లేని కండరం చిక్కిపోయినట్టు ఏళ్ల మీద అది కూడా పలచబడుతుంది. ఉత్త కాళ్ల వాదానికి ఉన్న అసలైన బలం ఇదే.

ఈ వాదంలో ఒక మాట పదే పదే వినిపిస్తుంది: ప్రతి గిట్టా ఒక గుండె, గుర్రానికి అయిదు గుండెలు అని. వినడానికి బాగుంటుంది కానీ అతిశయోక్తి. పాదంలో రక్త ప్రసరణకు గిట్ట కదలిక సాయం చేస్తుందంతే. లాడాలు ఉన్న గుర్రాలు రక్తం అందక కూలిపోవడం లేదు.

లాడం పుట్టిందే నేల వల్ల. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో గుర్రపు స్వారీ మీద పుస్తకం రాసిన గ్రీకు సేనాని జెనోఫోన్‌కు మేకుల లాడం తెలియదు. గిట్టలు గట్టిపడాలంటే లాయం ముందర బండ్ల కొద్దీ గుండ్రాళ్లు పరచి గుర్రాన్ని వాటి మీద నిలబెట్టమన్నాడు. ఒక్కో రాయి అరకిలో దాకా బరువుండాలన్నాడు. రోమన్లు రాళ్లు పరచిన రోడ్లు వేశాక గిట్టకు తోలుతో, ఇనుముతో కట్టే చెప్పు లాంటిది వాడారు. అది కట్టి విప్పేది, మేకులతో కొట్టేది కాదు. మేకుల లాడానికి తిరుగులేని ఆధారాలు యూరప్‌లో 9, 10 శతాబ్దాల నుంచి దొరుకుతాయి. తడి నేల, చిత్తడి లాయం, బరువైన రౌతు, దూరప్రయాణం అన్నీ కలిసి గిట్టను అది పెరిగే వేగం కన్నా వేగంగా అరగదీశాయి. దానికి మనిషి కనిపెట్టిన ఉపాయం లాడం. అది పనిచేసింది. వెయ్యేళ్లకు పైగా నిలిచింది. మూఢనమ్మకమని కొట్టిపారేయడానికి వీల్లేదు. గుమ్మానికి గుర్రపు నాడా కొడితే అదృష్టం వస్తుందనేది మాత్రం వేరే సంగతి.

దక్షిణాదికి గుర్రం ఎప్పుడూ దిగుమతి సరుకే. 13వ శతాబ్దం చివర పాండ్య దేశానికి వచ్చిన మార్కోపోలో, అరేబియా నుంచి వేల గుర్రాలు దిగుతున్నా వాటి బాగోగులు చూసే నేర్పు ఇక్కడ లేదనీ, గుర్రాలు త్వరగా చచ్చిపోతే మళ్లీ అమ్ముకోవచ్చని వర్తకులు అశ్వవైద్యులను ఈ గడ్డ మీదికి రానిచ్చేవారు కారనీ రాశాడు. వర్తకుల మీద ఆయన వేసిన నింద ఎంత నిజమో కానీ, గుర్రం చావు ఒకరికి వ్యాపారం కావడం మాత్రం పాత కథేమీ కాదు. తెలుగువాళ్లకు లాడం బాగా పరిచయమైంది జట్కా బండ్ల వల్లా, ఎడ్ల వల్లా. గిట్ట రెండుగా చీలి ఉంటుంది కాబట్టి ఎద్దుకు ఒక్కో కాలికి రెండేసి చిన్న లాడాలు. సంతలో ఎద్దును తాళ్లతో పడగొట్టి, కాళ్లు కట్టి, లాడాలు కొట్టే దృశ్యం చూసినవాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు. అక్కడా సూత్రం అదే. దుక్కిలో మాత్రమే తిరిగే ఎద్దుకు లాడం అక్కర్లేదు, కంకర రోడ్డు మీద బరువు బండి లాగేదానికి కావాలి. రైతుకు ఈ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు. స్వారీ గుర్రాల లోకంలోనే ఆ తేడా మరుగున పడింది. గుర్రం కొన్నామంటే లాడం కొట్టించడమే. ఎందుకని అడిగితే, ‘గుర్రమన్నాక లాడం ఉండదా’ అనే ఎదురు ప్రశ్నే జవాబు.

ఆ జవాబు ఎంత బలహీనమో 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో కళ్లారా కనిపించింది. అడ్డంకులు దూకే పోటీలో వ్యక్తిగత రజతం గెలిచిన స్వీడన్ రౌతు పెడర్ ఫ్రెడ్రిక్సన్ గుర్రం ఆల్ ఇన్ కాళ్లకు లాడాలు లేవు. మూడు రోజుల తరువాత జట్టు పోటీలో స్వీడన్ స్వర్ణం గెలిచింది. ఆ జట్టులో హెన్రిక్ ఫాన్ ఎకర్‌మాన్ ఎక్కిన కింగ్ ఎడ్వర్డ్ కూడా లాడాలు లేని గుర్రమే. మనిషి ఎత్తుకు దగ్గరగా ఉన్న కంచెలు దూకి, ఆ బరువంతా ముందు గిట్టల మీద దిగి, వెంటనే మలుపు తిరిగే పని అది. లాడం లేకుండా అత్యున్నత స్థాయి స్వారీ అసాధ్యమన్న మాటకు అక్కడితో కాలం చెల్లింది.

కానీ ఆ గుర్రాల కాలి కింద ఉన్నదేమిటో కూడా చూడాలి. ఎంతో ఖర్చుతో తయారుచేసిన, తేమ కొలిచి తడిపిన, ప్రత్యేకమైన ఇసుక నేల అది. ఆ గుర్రాల వెనుక పశువైద్యులు, గిట్టలు చెక్కే నిపుణులు, గ్రాముల లెక్కన తూచి పెట్టే దాణా ఉన్నాయి. టోక్యో చూపించి ‘చూశారా, లాడం అక్కర్లేదు’ అని విక్టోరియా మెమోరియల్ ముందు బండివాడికి చెప్పడం, విమానంలో తిరిగేవాడు బస్సు ఎందుకు దండగ అన్నట్టే ఉంటుంది. రోడ్ల మీద తిరిగే గుర్రాల అనుభవం కావాలంటే అమెరికాలోని హ్యూస్టన్‌ను చూడటం మేలు. అక్కడి పోలీసు అశ్వదళం గుర్రాలు చాలా ఏళ్లుగా లాడాలు లేకుండానే నగర వీధుల్లో తిరిగాయి. సిమెంటు మీద ఇనుము జారుతుంది, ఉత్త గిట్ట పట్టు నిలుపుకుంటుంది. ఇది పోలీసులకు చిన్న విషయం కాదు. అయితే ఆ గుర్రాలు పగలంతా బండి లాగవు, వాటి గిట్టలు క్రమం తప్పకుండా చెక్కించుకుంటాయి, తిరిగే నేలకు నెలల తరబడి అలవాటుపడ్డాయి.

ప్రయోగశాలల సాక్ష్యం ఇరుపక్షాలనూ కొంత ఇబ్బంది పెడుతుంది. ఇనుప లాడం గట్టి నేలను తాకినప్పుడు గిట్ట గోడ దగ్గర పుట్టే ప్రకంపన, ఉత్త గిట్టలో కన్నా ఎక్కువ. ఇది కొలిచి తేల్చిన విషయం. ఉత్త కాళ్లవారు ఇక్కడితో ఆగిపోతారు. 1999లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఆ ప్రకంపన కాలిలోకి ఎంత దూరం పాకుతుందో కొలిచారు. అందులో మూడింట రెండు వంతులు గిట్టకూ ఎముకకూ మధ్యనున్న ఆ దువ్వెన పళ్ల అతుకులోనే అణగిపోయాయి. పై ఎముక దగ్గరికి వచ్చేసరికి లాడం ఉన్న కాలికీ లేని కాలికీ తేడా కనిపించలేదు. కాబట్టి లాడం కీళ్లను పగలగొట్టేస్తుందనే భయం ఆ కొలతలో నిలబడలేదు. కానీ ఆ అదనపు దెబ్బను రోజూ మింగుతున్న అతుకు సంగతేమిటి? ఒక దెబ్బను కొలిచే ప్రయోగం, పదేళ్ల పాటు రోజుకు వేల అడుగులు వేసిన గిట్ట గురించి అంతా చెప్పలేదు.

అడవి గుర్రాల ఉదాహరణకూ ఇదే గతి. అమెరికా పడమటి ఎడారుల్లో స్వేచ్ఛగా తిరిగే మస్టాంగ్‌ల గిట్టలను 1980లలో పరిశీలించిన జైమీ జాక్సన్, తాను లాడాలు కొట్టే వృత్తిలో ఉండి కూడా ఉత్త కాళ్ల వాదానికి ఆద్యుల్లో ఒకడయ్యాడు. ఆ గిట్టలు పొట్టిగా, గట్టిగా, అంచులు గుండ్రంగా అరిగి, నిజంగానే అందంగా ఉంటాయి. అయితే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలోని అడవి గుర్రాల గిట్టలను కోసి చూసిన ఆస్ట్రేలియా పరిశోధకులకు వాటిలోనూ లోపాలు, లామినైటిస్ జాడలు కనిపించాయి. మెత్తటి పచ్చిక బయళ్లలో తిరిగేవాటి గిట్టలు పొడుగై విచ్చుకుపోతాయి, రాతి నేలల్లో రోజూ మైళ్లు నడిచేవాటివి పొట్టిగా అరుగుతాయి. ప్రకృతి ఒకే గిట్టను అచ్చు పోయలేదు. నేల ఎలా ఉంటే గిట్ట అలా తయారైంది.

ఇప్పుడు కోల్‌కతా నేల సంగతి. ఏడాదికి 1,600 మిల్లీమీటర్లకు పైగా వాన, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే. మైదాన్ ఆ నాలుగు నెలలూ నీళ్లలో నానుతుంది. కెరటిన్ నీటిని పీల్చుకుని మెత్తబడుతుంది. వేలాది సన్నని గొట్టాలు పక్కపక్కన పేర్చినట్టుండే గిట్ట గోడ తడిసి, ఎండి, మళ్లీ తడిసి బీటలు వారుతుంది. తడి లాయంలో, పేడ మీద నిలబడ్డ గుర్రానికి ఫ్రాగ్ పక్క గాళ్లలో గాలి తగలని చోట బాక్టీరియా చేరి కుళ్లుతుంది. దీన్ని థ్రష్ అంటారు. నల్లటి రసి, ముక్కు మూసుకోవాల్సిన కంపు. ఒకసారి చూసినవాళ్లు మరిచిపోరు. ఇక్కడ లాడం వేసినా సుఖం లేదు. నానిన గోడలో మేకు పట్టు వదులుతుంది, లాడం కదులుతుంది, మేకు కన్నాలు విచ్చుకుంటాయి, లాడం ఊడినప్పుడు గోడ ముక్క కూడా దానితో ఊడొస్తుంది. లాడం తీసినా సుఖం లేదు. మెత్తబడ్డ అడుగుతో గుర్రం కంకర మీద కాలు పెట్టలేదు. రెంటికీ మందు ఒక్కటే: పొడిగా ఉండే లాయం, రోజూ గిట్ట అడుగు గోకి శుభ్రం చేసే మనిషి. ఎవరూ పేరు పెట్టి ఉద్యమం చేయని పని ఇది. గిట్టకు ఎక్కువ మేలు చేసేదీ ఇదే.

వానాకాలం మెత్తటి పచ్చిక మీదా, పొడి రోజుల్లో ఇసుక అరుగుల మీదా తిరిగే పోలో, స్వారీ పాఠశాలల గుర్రాలకు లాడం తీసేయడం ఆలోచించదగ్గ విషయం. కనీసం పనిలేని నెలల్లోనైనా తీయాలి. ఆ నేల మీద అరుగుదల తక్కువ, ఫ్రాగ్‌కు పని దొరుకుతుంది, మేకు కన్నాలు లేని కొత్త గోడ దిగుతుంది. కాలి చివర వేలాడే ఇనుము బరువు తగ్గుతుంది. ఒక్కో మామూలు లాడం 300 నుంచి 500 గ్రాములుంటుంది, కొరడా చివర కట్టిన రాయిలా ప్రతి అడుగుకూ దాన్ని ఊపాలి. పందెపు గుర్రాలకు పలచటి అల్యూమినియం వాడేది అందుకే. ఇంకో లాభం గుర్రాలు గుంపుగా ఉన్నచోట తెలుస్తుంది. ఉత్త గిట్ట తన్నుకూ ఇనుప గిట్ట తన్నుకూ ఉన్న తేడా, పక్క గుర్రం కాలి ఎముకను అడిగితే చెబుతుంది.

పోలీసు గుర్రాలది మధ్యస్థ స్థితి. లాయం నుంచి మైదాన్ దాకా తారు రోడ్డు, ఆ తరువాత పచ్చిక. వాటికి గిట్టకు తొడిగి విప్పే రబ్బరు బూట్లు ఒక మార్గం. రోడ్డు మీద తొడిగి, గడ్డి మీద తీసేయవచ్చు. రోమన్ల కట్టుడు చెప్పు తిరిగి వచ్చిందనుకోవచ్చు. ఈ బూట్లు కొలత సరిపోకపోతే మడమను ఒరిసి పుండు చేస్తాయి, బురదలో జారతాయి. అయినా అలవాటు నెలల్లో వాటి అవసరం తప్పదు.

బండి గుర్రాల దగ్గరే అసలు ప్రమాదం. రోజంతా తారు మీద, మనుషుల్ని నింపిన ఇనుప బండి లాగుతూ, మలుపు మలుపుకూ గిట్టను నేలకేసి రాస్తూ తిరిగే గుర్రానికి అరుగుదల నెలకు 8 మిల్లీమీటర్లతో ఆగదు. అలాంటి గుర్రానికి ‘ఉత్త కాళ్లే సహజం’ అంటే, లాడం ఖర్చు మిగుల్చుకునే యజమానికి అందమైన సాకు దొరికినట్టే. పెంపకం ఖర్చు భరించలేనివారి చేతుల్లో ఉన్న గుర్రానికి అరిగిపోయిన లాడం, ఊడిన లాడం, అసలు లేని లాడం అన్నీ ఒకే కథలో భాగాలు. ఆ కథ పేరు పేదరికం, పశుపోషణ సిద్ధాంతం కాదు. ఈ గుర్రాల దుస్థితి మీద పెటా ఇండియా, కేప్ ఫౌండేషన్ కలకత్తా హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం నడిపాయి. ముంబయి విక్టోరియా బండ్లు చట్టవిరుద్ధమని బాంబే హైకోర్టు 2015లోనే తేల్చి, ఏడాదిలో ఆపేయమంది. బరువు మోసే, బండి లాగే జంతువుల మీద 1965లో కేంద్రం చేసిన నిబంధనల ప్రకారం రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు. 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలే చేయించకూడదు. ఆ నిబంధనలు అమలైతే గిట్టల అరుగుదల తానే సగం తగ్గుతుంది. బండి గుర్రానికి కావాల్సింది లాడం మీద చర్చ కాదు, తారు మీద నుంచి దిగడం. దిగేదాకా మంచి లాడం వేయించాలి, వీలైతే జారని రబ్బరు అడుగున్నది.

తీసేయదలచినవారు తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. లాడం ఊడబీకిన రోజున గుర్రం ఉత్త కాళ్ల గుర్రం అయిపోదు. ఏళ్ల తరబడి నేల తగలని అడుగు పలచగా ఉంటుంది, గోడ మేకు కన్నాలతో తూట్లు పడి ఉంటుంది. కొత్త గోడ పూర్తిగా కిందికి దిగాలంటే ముందు చెప్పిన 9 నుంచి 12 నెలలు. అంతకాలం నాలుగు నుంచి ఆరు వారాలకోసారి గిట్ట చెక్కాలి, మొదట మెత్తటి నేల మీదే నడిపించాలి, కుంటితే ఆపాలి. ‘మొదట్లో కొంచెం కుంటుతుంది, అదే సర్దుకుంటుంది’ అని సలహా ఇచ్చేవారు కనిపిస్తారు. నొప్పి వల్ల కుంటే గుర్రాన్ని సిద్ధాంతం కోసం నడిపించడం దౌర్జన్యం. ఆ మాట చెప్పినవారి కాళ్లకు చెప్పులున్నాయో లేదో చూడాలి.

దాణా సంగతీ ఈ గడువులోనే పడుతుంది. వియన్నా లిపిజానర్ గుర్రాల మీద 1990లలో ప్రచురితమైన పరీక్షలో రోజుకు 20 మిల్లీగ్రాముల బయోటిన్ ఇచ్చారు. గిట్ట నాణ్యత మెరుగుపడటం తొమ్మిది నెలల తరువాతే కనిపించింది. గిట్ట పెరిగే వేగం మాత్రం మారలేదు. డబ్బా మీద ‘నెలలో గట్టి గిట్టలు’ అని రాసిన పొడులు కొనేవారు ఈ రెండు మాటలూ గుర్తుంచుకుంటే డబ్బు మిగులుతుంది.

ఇంతకీ ఆ చెక్కే చేయి ఎవరిది? బ్రిటన్‌లో 1975 చట్టం ప్రకారం నమోదైన పనివారు తప్ప ఇంకొకరు గుర్రానికి లాడం కొట్టడం నేరం. ఇక్కడ సైన్యపు రిమౌంట్ వెటర్నరీ కోర్ మీరట్‌లో తర్ఫీదు ఇచ్చినవారు కొందరు, రేసు క్లబ్బుల్లో పనిచేసేవారు కొందరు. మిగతా గుర్రాలన్నీ తండ్రి దగ్గర పని నేర్చుకున్న నాల్‌బందుల చేతుల్లో ఉన్నాయి. వాళ్లలో అద్భుతమైన పనివాళ్లున్నారు, గిట్టను లాడానికి సరిపోయేలా కోసేసేవాళ్లూ ఉన్నారు. ఉత్త కాళ్ల పద్ధతికి లాడం కొట్టడం కన్నా ఎక్కువ నేర్పు కావాలి. ఇనుము దాచే తప్పులు ఉత్త గిట్ట దాచదు. ఆ వృత్తికి శిక్షణ, గుర్తింపు, గిట్టుబాటు కూలి లేకుండా లాడాలు పీకించే ఉద్యమం నడిపితే దెబ్బ తినేది గుర్రమే.

బెల్గాచియాలో 1893 నాటి పశువైద్య కళాశాల ఉంది, ఇప్పుడది విశ్వవిద్యాలయం. దానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఎస్.ఎన్. బెనర్జీ రోడ్డులో పోలీసు లాయం. తెలుగునాట తిరుపతిలో, రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయాలున్నాయి. ఐపీఎస్ శిక్షణార్థులకు గుర్రపు స్వారీ నేర్పే జాతీయ పోలీసు అకాడమీ హైదరాబాద్‌లోనే ఉంది. యూరప్ చలి నేలల్లో చేసిన పరీక్షల్ని ఇక్కడికి అరువు తెచ్చుకునే బదులు, ఒకే లాయంలో కొన్ని గుర్రాలకు లాడం ఉంచి, కొన్నిటికి తీసి, ఒక పూర్తి వానాకాలం, ఒక పూర్తి ఎండాకాలం గమనించడానికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు. పరికరం కూడా నాల్‌బంద్ సంచిలోనే ఉంది. వెంట్రుకల అంచుకు కాస్త కింద గిట్ట గోడ మీద ఆకురాయితో సన్నని గీత గీస్తారు. నెల తరువాత అంచు నుంచి ఆ గీత ఎంత కిందికి దిగిందో కొలిస్తే పెరుగుదల తెలుస్తుంది. గీత నుంచి నేల దాకా ఉన్న దూరం ఎంత తగ్గిందో కొలిస్తే, మధ్యలో చెక్కించకపోతే, అది అరుగుదల. గీత 8 మిల్లీమీటర్లు దిగి, కింది దూరం 5 మాత్రమే తగ్గితే ఆ గుర్రం ఆ నేల మీద ఉత్త కాళ్లతో తిరగగలదు. 12 తగ్గితే ఆ నెలకు బూటో లాడమో వేయించాలి.